వెల నిలిచినది, అంగడి నిలువలేదు

వస్తువు వెల తగ్గుటయే కొనువారికి మేలనియు, వెల తగ్గించి అమ్ముటయే వర్తకులలో పోటీకి గుర్తనియు జనసామాన్యము తలంచును. బియ్యము, వస్త్రము మొదలగువాని విషయమున ఈ తలంపు చాలవరకు సత్యమే. పుస్తకము విషయమునను ఇదియే సత్యమగునా? జపాను దేశము చిరకాలముగా కాదనియే చెప్పుచున్నది. అచ్చట క్రొత్త పుస్తకమునకు టోకియో నగరపు పెద్ద అంగడిలోను, హొక్కైదో ద్వీపమందలి మారుమూల పల్లెలోను వెల యొక్కటే. ప్రకాశకుడు నిర్ణయించిన వెలలో చిల్లర వర్తకుడు ఒక్క యెన్ను అయినను తగ్గింపరాదు.

ఈ పద్ధతిని సాహిత్యమునకు కవచమని కొందరు కొనియాడుదురు. వర్తకులు కూడి పన్నిన కుట్రయని మరికొందరు నిందింతురు. ఇరువురును విషయమును సగమే చూచుచున్నారు. స్థిరవెల పోటీని చంపలేదు. దాని దారి మరల్చినది. మరలిన దారిలో ఎవరు నలిగిరో చూడకుండ ఆ పద్ధతిని పూజించుటయు తప్పే, కూలద్రోయుమనుటయు తప్పే.

మొదట శాసన మేమి చెప్పుచున్నదో తెలిసికొనవలెను. 1947లో జపానులో గుత్తవ్యాపార నిషేధ శాసనము పుట్టినది. సరకు చేసినవాడు చిల్లర అంగడిలోని వెలను శాసింపరాదనుట అందలి సూత్రము. 1953లో ఆ శాసనమును సవరించి, గ్రంథములు, పత్రికలు, సంగీతపు రికార్డులు మున్నగు వానికి మినహాయింపు నిచ్చిరి. శాసనము ఎవ్వరిని నిర్బంధింపదు; ప్రకాశకుడు, టోకు వర్తకుడు, చిల్లర వర్తకుడు వెలను గూర్చి ఒడంబడిక చేసికొన్నచో దానిని నేరముగా నెంచదు, అంతియే. కొనువారి హితమునకు అన్యాయముగా భంగము కలుగరాదను షరతును సైతము అందున్నది. మరియు 1980 మొదలు, ఏ పుస్తకమునకు స్థిరవెల యుండవలెనో, ఎంతకాల ముండవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ ప్రకాశకులకు స్పష్టముగా లభించినది. 2001లో ప్రభుత్వ సంఘము ఈ విషయమును మరల విచారించి, ప్రస్తుతమునకు మినహాయింపును ఉంచవలెనని తీర్మానించినది.

ఇక స్థిరవెలను తీసివేయు డనువారి వాదము. తీసివేసినచో పుస్తకములు చౌకయగునని వారందురు. ఏ పుస్తకములు? వేలకొలది ప్రతులు అమ్ముడుపోవు నవలలు, వంటపుస్తకములు చౌకయగును. వానిని కొండలవలె పేర్చుకొనగల పెద్ద అంగళ్లే ఆ తగ్గింపు నీయగలవు. మూడువందల ప్రతులు పోవుటయే గగనమైన శాస్త్రగ్రంథమునకు తగ్గింపు ఎవ రిత్తురు? ఇంగ్లండులో 1900 మొదలు నడచిన స్థిరవెల ఒడంబడిక 1995లో కూలినది. అటుపిమ్మట కూరగాయ లమ్ము మహావిపణులు సైతము ప్రసిద్ధ గ్రంథములను తగ్గింపు వెలకు అమ్మసాగినవి. ఇరువదేండ్లలో అచ్చటి స్వతంత్రపు పుస్తకాల అంగళ్లు సగమునకు తగ్గినవి. చౌక యనుమాట విని మురిసిపోవువారు ఈ లెక్కను మరువరాదు.

అయితే స్థిరవెల భక్తులు అప్పుడే చప్పట్లు కొట్టవలదు. వారి దేశములో నేమైనది? 2000 ప్రాంతమున జపానులో ఇరువదివేలకు పైగా నున్న పుస్తకాల అంగళ్లు నేడు సుమారు సగమైనవి. పట్టణములు, పల్లెలలో నాల్గవ వంతునకు పైగా ఒక్క పుస్తకాల అంగడియు లేనివి. కవచము తొడిగినవాడును, తొడుగనివాడును సమానముగానే కూలిరి గదా! చిన్న అంగళ్లకు కూడుపెట్టిన వారపత్రికలు, మాసపత్రికలు క్షీణించుట ఇందుకు ముఖ్యకారణమని ఒప్పుకొందము. 1996 తరువాత అచ్చు సరకు అమ్మకము దిగజారుచునే యున్నది. కాని సర్వమును కాలముపై నెట్టుట న్యాయము కాదు.

వెలలో పోటీ మూసికొనగా అది ఎచ్చటికి పోయినదో చూడుడు. 1949లో స్థాపింపబడిన నిప్పాన్, తోహాన్ అను రెండు టోకు సంస్థల గుండనే జపానులోని పుస్తకములలో అధికభాగము అంగళ్లకు చేరుచున్నది. అంగడివాడు సరకును కొనడు. అప్పగింతగా తీసికొని, మిగిలినది త్రిప్పి పంపును. నష్టభయము లేదు గనుక లాభమును స్వల్పమే: వెలలో నూటికి ఇరువదిరెండు, ఇరువదిమూడు వంతులు. ఏ అంగడికి ఎన్ని ప్రతులు పంపవలెనో టోకు సంస్థయే అంగడి పరిమాణమును, పూర్వపు అమ్మకమును చూచి నిర్ణయించును. కావున జనులెల్లరు అడుగు క్రొత్త పుస్తకము పెద్ద అంగడిలో గుట్టలుగా పడియుండును. పల్లె అంగడికి ఒక ప్రతి వచ్చిన వచ్చును, లేకున్న లేదు. వెలలో సమత్వ మున్నది, పుస్తకములో లేదు! లేని పుస్తకమునకు వెల ఎంతయైన నేమి?

ప్రకాశకుల పోటీయు వికృతమైనది. అంగడికి పంపిన పుస్తకమునకు సొమ్ము ముందుగా లెక్కకు వచ్చును, తిరిగివచ్చినప్పుడు తీసివేయబడును. ఆ లోటు పూడ్చుటకు మరియొక క్రొత్త పుస్తకమును పంపుదురు. త్రొక్కుట మానిన పడిపోవు సైకిలు సవారియని జపానువారే దీనిని హాస్యము చేయుదురు. ఏటేట డెబ్బదివేల ప్రాంతమున క్రొత్త గ్రంథములు వెలువడుచుండగా, పంపిన పుస్తకములలో మూడవ వంతు, అంతకు మించియు, తిరుగుముఖము పట్టుచున్నవి. మంచిగ్రంథము నాలుగు వారములు బల్లపై నిలువకమునుపే కట్టలో చేరుచున్నది. సాహిత్యరక్షణ మనగా ఇదియేనా?

మరియు వెల తగ్గింపు నిజముగా మాయమైనదా? లేదు. వాకిలి మూసినచో కిటికీలోనుండి వచ్చినది. సహకార సంఘములకు శాసనమే మినహాయింపు నిచ్చినందున విశ్వవిద్యాలయపు సహకార అంగడి సభ్యులకు నూటికి పది తగ్గించును. పెద్ద సంస్థలు కొన్నవారికి పాయింట్లను పేర తగ్గింపు నిచ్చును. పోస్టు ఖర్చు తామే భరించును. పాతపుస్తకమునకు స్థిరవెల లేదు. 1990లో పుట్టిన బుక్-ఆఫ్ వంటి అంగళ్లు అందుచేతనే వర్ధిల్లినవి. ఎలక్ట్రానిక్ గ్రంథములకును ఈ నియమము వర్తింపదు. ఇన్ని కిటికీలు బలవంతునికే అందును. నూటికి ఇరువదిరెండు వంతులతో అద్దె, దీపము, జీతము ఈడ్చుకొనువాడు పాయింట్లు ఎక్కడనుండి తెచ్చి ఇచ్చును?

కావున మా వాదము స్పష్టము. స్థిరవెలను ఉంచవలసినదే, కాని దానిని ఉంచుకొనువారు అందుకు తగిన బాధ్యతను వహింపవలెను. చిల్లర వర్తకుని వంతు పెరుగవలెను. అందుకు మారుగా అతడు తాను ఎన్నుకొన్న పుస్తకములను త్రిప్పి పంపకుండ కొనవలెను. పల్లె అంగడి అడిగిన పుస్తకము అడిగినన్ని ప్రతులు, అడిగిన దినములలో చేరవలెను. కొంతకాలము గడచిన పుస్తకమును తగ్గింపు వెలకు విడుచు స్వేచ్ఛ 1980 నుండియు ప్రకాశకుల చేతిలో నున్నది. దానిని పెట్టెలో దాచి, శాసనమును మాత్రము కవచమని చాటుట కపటము. 2023లో కినోకునియా, త్సుతాయా అంగళ్లవారు నిప్పాన్‌తో కలిసి ప్రకాశకులతో నేరుగా బేరము కుదుర్చుకొనుటకు ఒక సంస్థను నెలకొల్పిరి. మంచిదే, కాని అదియు పెద్దవారి యత్నమే. చిన్నవాని పక్షమున మాటలాడువా రెవరు?

ఒకే వెల యనునది సాధనము. పుస్తకము ప్రతి గృహమునకు చేరుట సాధ్యము. పల్లెలోని బాలిక బడినుండి వచ్చుచు దారిలో ఆగి, చేతితో తిరగవేసి చూచి, తన కిష్టమైన పుస్తకమును ఎన్నుకొనగలిగినప్పుడే ఆ వెల సార్థకము. ఆమె ఊరిలో అంగడి మూతపడిన తరువాత వెల దేశమంతట ఒక్కటే యని గర్వించుట, బావి యెండిన పిదప చేద నెత్తి చూపుట వంటిది.