క్రొత్త నాణెము, పాత వట్టము

ఎర్రగడ్డ, అమీర్‌పేటల నుండి విదేశములకు చదువబోవు విద్యార్థులకు క్రిప్టో ధనము సులభమార్గముగ తోచవచ్చును. ఇచట రూపాయలతో బిట్‌కాయిన్ కొని, అచట దిగినపిమ్మట నగదుగా మార్చుకొనవచ్చును. దానికి సరిహద్దులు లేవందురు.

నాణెముల సరిహద్దు హైదరాబాదుకు క్రొత్తది కాదు. నిజాము ప్రభుత్వపు హాలీ రూపాయలు 7 ఇచ్చినచో బ్రిటిషిండియా కల్దారులు సుమారు 6 వచ్చెడివి. పొరుగు జిల్లాకు పోవు బాటసారికిని మారకము తప్పెడిది కాదు. 1959లో హాలీ చెలామణి ముగిసినది.

క్రిప్టో ధనముతో ఆ మారకమే మరల వచ్చుచున్నది. పరదేశమున భోజనము కొనుటకు స్థానిక నాణెము కావలెను. మార్చు యంత్రము తన వట్టము పట్టుకొనును. ఈలోగా ధర పడిపోవచ్చును. మన చట్టము 2022 నుండి లాభముపై నూటికి 30 పన్ను విధించుచున్నది. నష్టమును ఇతరాదాయములో తగ్గించుకొననీయదు. ఎల్ సాల్వడార్ 2021లో బిట్‌కాయిన్‌ను చట్టబద్ధ నాణెము చేసినది. వర్తకులు దానిని విధిగా పుచ్చుకొనవలెనను నియమమును 2025లో తొలగించినది.

పుచ్చుకొనువాడు లేనిదే నాణెమునకు విలువ లేదు. కావున బ్యాంకు కార్డు రుసుమును, క్రిప్టో వట్టమును ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనుట విద్యార్థికి మొదటి లెక్క. తల్లిదండ్రులు అప్పుచేసి పంపిన సొమ్ము ధరల పందెమున నొడ్డదగినది కాదు.