బతికున్నన్నాళ్లూ విడవలేదు... అది చాలు!

సూర్యాపేటలో ఓ రిటైర్డు టీచరు ఇల్లు అనుకుందాం. ఇద్దరు పిల్లల్లో ఒకరు హైదరాబాదులో, మరొకరు అమెరికాలో. ఇంట్లో మిగిలింది భార్యాభర్తలిద్దరూ, పన్నెండేళ్ల టామీ. పొద్దున్నే పాల ప్యాకెట్‌కి ఆయన వెంట వెళ్లేది అదే. సాయంత్రం ఆవిడ తులసికోట దగ్గర దీపం పెడుతుంటే మెట్ల మీద కూర్చునేదీ అదే. ఒకరోజు అది లేవలేదు. వారం దాటినా గేటు చప్పుడైతే ఆవిడ చెయ్యి అన్నం గిన్నె మీదికి పోతోంది. పక్కింటాయన వచ్చి, ‘ఏంది సారూ, కుక్క కోసం గింత బాధపడతరా? ఇంకోటి తెచ్చుకుంటే అయిపాయె’ అన్నాడు. ఈయన తలూపి ఊరుకున్నారు. ఆ రాత్రి అమెరికా నుంచి కొడుకు ఫోన్‌ చేసి ‘టామీ ఎట్లుంది నాన్నా?’ అని అడిగితే ‘బాగనే ఉంది’ అనేశారు.

అరవై ఏళ్లు దాటిన మనిషి, వేలమంది పిల్లలకు నిజం చెప్పమని నేర్పిన మనిషి, ఎందుకు అబద్ధం ఆడారు? బాధ ఒక్కటే అయితే చెప్పుకునేవారు. దానికి సిగ్గు కూడా తోడైంది.

ఇలాంటి ఇళ్లు ఎన్నో. కోదాడ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పక్కన ఇల్లున్న వాళ్లకు ఓ భయం ఎప్పుడూ ఉంటుంది. ఒక్క నిమిషం గేటు తెరిచి ఉంచితే చాలు, పరిగెత్తిన కుక్క ఏ లారీ కిందో పడుతుంది. ఆ గేటు ఎవరు వెయ్యలేదన్న ప్రశ్న ఆ ఇంట్లో ఏళ్ల తరబడి తిరుగుతుంది. మిర్యాలగూడ రైసుమిల్లులో రాత్రి కాపలా ఉండే మనిషికి తెల్లవార్లూ తోడుండేది కుక్కే. అది పోతే మిల్లు వెనక గొయ్యి తీసి పూడ్చేసి, మర్నాడు మామూలుగా డ్యూటీకి వస్తాడు. ఎవరికి చెప్పుకుంటాడు?

మనిషి పోతే చుట్టాలు వస్తారు. పదకొండు రోజులు ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. పెద్దకర్మ నాడు భోజనాలు పెట్టేసరికి గుండె కాస్త తేలికపడుతుంది. కుక్క పోతే ఇవేవీ ఉండవు. నలుగురూ ఒప్పుకోని దుఃఖం మరింత బరువవుతుందని అమెరికా పండితుడు కెన్నెత్‌ డోకా 1989లో ఓ పుస్తకంలో వివరించారు. పెంపుడు జంతువును పోగొట్టుకున్నవారి బాధను కూడా ఇప్పుడు నిపుణులు ఆ కోవలోనే చెబుతున్నారు. మరి మన పెద్దలు ఏమన్నారు?

ధర్మరాజు చెప్పిన జవాబు

మహాభారతం ఆదిపర్వం మొదట్లోనే ఓ కుక్క కన్నీరు కనిపిస్తుంది. ఏ తప్పూ చేయని తన బిడ్డను జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారని సరమ అనే దేవశునకం నిండు సభకు వెళ్లి రాజును నిలదీస్తుంది. కథ చివర్లో మళ్లీ కుక్క వస్తుంది. తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో ఒకటైన మహాప్రస్థానిక పర్వం అది. ద్రౌపది, తమ్ముళ్లు ఒక్కొక్కరే దారిలో పడిపోయారు. ధర్మరాజు వెంట మిగిలింది కుక్క ఒక్కటే. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలి ఎక్కమన్నాడు. ధర్మరాజు ఒప్పుకోలేదు. నమ్మి వెంట వచ్చిన ప్రాణిని వదిలేస్తే వచ్చే స్వర్గం తనకు అక్కర్లేదన్నాడు.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఆ తర్వాత ఇంద్రుడు అడిగిన ప్రశ్నను మాత్రం చాలామంది మరిచిపోతారు. ‘తమ్ముళ్లనూ భార్యనూ దారిలో వదిలి వచ్చావు కదా, కుక్కను వదలడానికేం?’ అన్నాడు ఇంద్రుడు. దానికి ధర్మరాజు చెప్పిన జవాబు సారాంశం ఇదీ: చనిపోయినవారిని నేను బతికించలేను. వారిని వదిలింది పోయాకే. బతికున్నంతకాలం ఎవరినీ వదల్లేదు. ఇది బతికి ఉంది, నన్నే నమ్ముకుంది.

కుక్కను పోగొట్టుకున్నవారికి ఇంతకంటే ఓదార్పు ఏముంటుంది? ధర్మం బతికున్నప్పుడు వదలకపోవడంలో ఉంది. పోయాక మనసును మెల్లగా మళ్లించుకోవడం ద్రోహం కాదు. ముసలిదైపోయిందని కారెక్కించుకుని ఊరిబయట దింపేసి రావడం వదిలెయ్యడం. లేవలేని దానికి చేత్తో అన్నం తినిపించి, రాత్రంతా పక్కన కూర్చున్నవారు దేన్నీ వదల్లేదు. ఇక బాగుపడదని డాక్టరు చెప్పాక, దాని నొప్పి చూడలేక ఇంజెక్షనుకు సరేనని, ఆఖరి క్షణం దాకా తల నిమిరిన చేతులకు కూడా ఇదే మాట. గేటు వెయ్యడం మరిచిపోయిన ఇంటికి కూడా. ఒక్క క్షణం ఏమరుపాటు ఉండొచ్చు. దాని ముందు పదేళ్ల ప్రేమ ఉంది కదా!

ప్రేమ వేరు, చిక్కుకోవడం వేరు

‘ఇదంతా మోహం కాదా? భరతుడు లేడిపిల్ల మీద మమకారంతో మరుజన్మలో లేడిగా పుట్టలేదా?’ అని అడిగేవారుంటారు. నిజమే, భాగవతంలో ఆ కథ ఉంది. అయితే నీటిలో కొట్టుకుపోతున్న లేడిపిల్లను కాపాడటం తప్పని ఆ కథ చెప్పదు. దాని ధ్యాసలో పడి తక్కినవన్నీ మరిచిపోవడమే చిక్కు అంటుంది. ప్రేమించడం దోషం కాదు, అక్కడే ఆగిపోవడం వల్లే బాధ.

అరుణాచలంలో రమణ మహర్షిని మించిన విరాగి ఎవరు? ఆ ఆశ్రమంలో లక్ష్మి అనే ఆవుకు సమాధి ఉంది. 1948 జూన్‌ 18న అది కన్నుమూసేముందు మహర్షి పక్కన కూర్చుని దాని మీద చెయ్యి వేసి ఉన్నారు. ఆశ్రమంలోనే ఉండి తెలుగులో లేఖలు రాసిన సూరి నాగమ్మ ఆ ఘట్టాన్ని వివరించారు. లక్ష్మి సమాధికి దగ్గర్లోనే ఓ లేడికి, కాకికి, జాకీ అనే కుక్కకు కూడా సమాధులున్నాయి. మహర్షి జంతువులను ‘అది’ అనేవారు కాదు. ‘వాడు’, ‘ఆమె’ అనేవారు. కుక్కలకు అన్నం పెట్టారా అని అడగాల్సి వస్తే కుర్రాళ్లకు పెట్టారా అన్నట్టు అడిగేవారు.

అంతకు వెయ్యేళ్ల ముందు సంగతి మరొకటి. కర్ణాటకలోని ఆతకూరులో క్రీ.శ. 949-50 నాటి శాసనం దొరికింది. మణలేరుడనే వీరుడి కుక్క పేరు కాళి. అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చింది. ఆయన దానికో రాయి వేయించి, పూజకు భూమి కూడా ఇచ్చాడు. యుద్ధాల్లో ఆరితేరిన ఆ వీరుడు కుక్క కోసం బాధపడటానికి సిగ్గుపడలేదు.

మరి ఏం చెయ్యాలి?

‘కర్మ చేయించవచ్చా?’ అని కొందరు సందేహిస్తారు. మనుషులకు చేసే తంతు యావత్తూ చేయనక్కర్లేదు. దారి మాత్రం మన ఆచారాల్లోనే ఉంది. తర్పణ విధిలో బ్రహ్మ మొదలు గడ్డిపోచ దాకా సమస్త ప్రాణులకూ తృప్తి కలగాలని నీళ్లు వదిలే ఘట్టం ఉంది. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లిలో పెద్దలకు నీళ్లు వదిలేటప్పుడు, ఆ ఒక్క క్షణం మనసులో టామీని తలుచుకుంటే ఎవరు కాదంటారు? గృహస్థు రోజూ చేయాల్సిన పంచ మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. అందులో కుక్కలకూ ముద్ద పెట్టమన్నారు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ‘ఎక్కడికో పోయింది’ అని చెప్పొద్దు. వాళ్లు గేటు దగ్గర ఎదురుచూస్తూనే ఉంటారు. చనిపోయిందని మెల్లగా చెప్పాలి. పూడ్చిన చోట ఓ పూలమొక్క వాళ్ల చేతే నాటించాలి. కొత్త కుక్కపిల్లను వెంటనే తెచ్చేయాలనీ లేదు, ఎప్పటికీ తేకూడదనీ లేదు. పాతదాని స్థానం నింపడానికి కాకుండా, దాన్ని దానిగా పెంచుకోవాలనిపించినప్పుడు తెచ్చుకోవచ్చు.

ఇక ఆ సూర్యాపేట ఇంటికి వద్దాం. ఆవిడ చెయ్యి అన్నం గిన్నె మీదికి పోతే ఇక వెనక్కి తీసుకోనక్కర్లేదు. వీధి చివర ఆకలితో ఉన్న కుక్క ఏదో ఒకటి ఉంటుంది. ఆ ముద్ద దానికి పెడితే టామీ నేర్పిన అలవాటు నిలుస్తుంది. ఇక టీచరుగారు చెయ్యాల్సింది ఒక్కటే. ఈసారి కొడుకు ఫోన్‌ చేసినప్పుడు ‘వాడు పోయిండురా’ అని చెప్పాలి. అటువైపు కాసేపు మాట రాదు. ఇటువైపూ రాదు. పన్నెండేళ్లు ఆ ఇంటిని కలిపి ఉంచిన ప్రాణి కోసం తండ్రీకొడుకులు కలిసి ఏడిస్తే అదే దానికి సరైన నివాళి.