సంపాదకుని మాట: తల్లి వ్రాసిన లేఖ

ఇంగ్లండునందు 1967లో ఇథియోపియా దేశపు తల్లికి జన్మించిన లెమ్ సిస్సే అను కవి, శైశవముననే పరగృహమునకు అప్పగింపబడి, నార్మన్ అను క్రొత్త పేరుతో పెరిగి, పండ్రెండవయేట ఆ పెంపుడు తలిదండ్రులచేతనే పరిత్యక్తుడై, బాలల వసతిగృహములలో దూషణతాడనములకు గురియయ్యెను. బిడ్డను తిరిగి యిమ్మని తల్లి 1968లో వ్రాసిన లేఖ, అతడు యుక్తవయస్కుడగువరకు అధికారుల దస్త్రములలోనే పడియుండెను! దెబ్బలకంటె నీ కాగితమే మమ్మెక్కువ కలచినది. ఇరువదియొకటవయేట గాంబియాలో తల్లిని దర్శించెను. ఆ సమాగమముతో సమస్తమును చక్కబడెననుట మాత్రము కథకుల అత్యాశ. 2015లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు చాన్సలరైన యాతడు, అంతకుమున్నే, వసతిగృహములు విడిచి పండుగనాడు పోవుటకు ఇల్లులేని యువజనులకై క్రిస్మసు విందులను ఆరంభించెను. పెంపకమును గూర్చిన యీ సంచికలో ఆ విందుల వృత్తాంతమునే ముందుంచితిమి.