ఇల్లు – జాగ్రత్తలు: ఈత కొలనుకు ఎర్తు ఒక్కటే చాలదు

కుకునూరుపల్లి నుంచి ఒక సోదరి రాశారు: “మా ఆడపడుచు వాళ్లు ఊరి బయట తోటలో ఇల్లు కట్టుకుని, పిల్లల కోసం చిన్న ఈత కొలను కట్టిస్తున్నారు. మోటారుకు ఎర్తింగ్ పెట్టిస్తున్నారు. ఎలక్ట్రీషియనేమో నిచ్చెనకు, చేతికడ్డీకి కూడా రాగి తీగ కలపాలంటున్నాడు. అది దండగ ఖర్చు కాదా?”

కాదమ్మా. అతని మాట వినమని మీ ఆడపడుచుకు గట్టిగా చెప్పండి.

మోటారు లోపల తీగల పూత పాడై, పై ఇనుముకు కరెంటు పాకితే దాన్ని భూమిలోకి పంపేది ఎర్తింగ్. కలిపే తీగ పని వేరు. దాన్ని బాండింగ్ అంటారు. కరెంటు తీగ మీద పిట్ట హాయిగా కూర్చోవడం చూశారుగా? దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి. వాటి మధ్య వోల్టేజి తేడా లేదు కాబట్టి షాకు కొట్టదు. కొలనులో పిల్లాడి ఒళ్లంతా తడి. నీళ్లలో నిలబడి నిచ్చెన పట్టుకున్నప్పుడు నీటికీ నిచ్చెనకూ తేడా ఉంటే కరెంటు వాడి ఒంట్లోంచే పోతుంది. మోటారు, నిచ్చెన, కడ్డీ, దీపం చట్రం, ఇనుప పైపులు, కాంక్రీటులోని చువ్వలు అన్నీ ఒక్కటిగా కలిపితే ఆ భయం ఉండదు. చువ్వలకు తీగ కాంక్రీటు పోయకముందే కలపాలి సుమా!

మూడో కాపలా ఆర్‌.సి.సి.బి. ఎం.సి.బి. ఉందిగా అనుకోకండి. అది ఎక్కువ లోడుకు, షార్టు సర్క్యూట్‌కు మాత్రమే పడుతుంది. మనిషి ప్రాణం తీయడానికి అంత కరెంటు అక్కర్లేదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌.సి.సి.బి. అయితే కరెంటు దారి తప్పగానే రెప్పపాటులో ఆపేస్తుంది. నీళ్లలోపలి దీపాలు 12 వోల్టులవే పెట్టించాలి.

కొలను లేనివాళ్లం మనకెందుకులే అనుకోవద్దు. సంపు, గీజరు, బోరు మోటారు ప్రతి ఇంట్లోనూ ఉన్నవే. అందుకని ఇవి గుర్తుంచుకోండి:

* చలక నేల వేసవిలో ఎండిపోతే ఎర్తు సరిగా పనిచేయదు. ఎర్తు గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోస్తుండండి.

* మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఎర్తుది. దాన్ని విరగ్గొట్టి వాడకండి.

* ఆర్‌.సి.సి.బి. మీది టెస్ట్ మీట నెలకోసారి నొక్కండి. పడకపోతే వెంటనే మార్పించండి.

* సంపు కడగడానికి దిగేముందు మోటారు ప్లగ్గు తీసేయండి. హీటర్ రాడ్డు ప్లగ్గు తీశాకే నీళ్లలో వేలు పెట్టండి.

* బట్టలారేసే ఇనుప దండెం కరెంటు స్తంభానికి గానీ, సర్వీసు వైరు పైపుకు గానీ కట్టకండి.

ఎవరికైనా షాకు కొడితే కంగారుపడి ముట్టుకోకండి, నీళ్లలోకి దూకకండి. ముందు మెయిన్ ఆపండి. ఆ తర్వాతే మనిషిని బయటికి తీసి, 108కి ఫోన్ చేయండి.