ఏ జంతువుదో చెప్పి అమ్మండి

విశాఖ మద్దిలపాలెం మందుల షాపుల అద్దాల అరల్లో కొల్లాజెన్ డబ్బాలు ముందువరసకొచ్చేశాయి. నీలం అలల బొమ్మ, కింద ‘మెరైన్’ అన్న పెద్దక్షరాలు. చేపది మంచిదా, పశువులదా అని కొనేవాళ్లు తర్జనభర్జన పడుతున్నారు. చర్మం కోసమైతే ఆ తేడాకు అంత విలువ లేదు. చేప పొలుసుల నుంచి తీసినా, పశువుల తోలు నుంచి తీసినా ప్రధానంగా వచ్చేది టైప్ 1 కొల్లాజెనే. దాన్ని ఎంజైములతో ముక్కలు చేసి పొడిగా అమ్ముతారు. కడుపులో అది ఇంకా అరిగి అమైనో ఆమ్లాలుగా, చిన్న పెప్టైడ్లుగా రక్తంలో కలుస్తుంది. కోడి ఛాతీ మృదులాస్థి నుంచి తీసే టైప్ 2 సంగతి వేరు. అది కీళ్ల కోసం అమ్మేది. ముక్కలు చేయని రకమైతే రోజుకు 40 మిల్లీగ్రాములే మోతాదు. ఇక మొక్కల కొల్లాజెన్ అనేది శుద్ధ అబద్ధం. మొక్కల్లో కొల్లాజెనే ఉండదు.

వాడినవాళ్లకు గుణం కనిపించిందిగా అంటారు. 2025లో అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 23 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణను ప్రచురించింది. మొత్తమ్మీద చర్మానికి మేలు జరిగినట్టే తేలింది. కంపెనీల సొమ్ము లేని ప్రయోగాలను విడదీసి చూస్తే ఆ మేలు కనిపించలేదు. నాకు ఆ ఒక్క మాట చాలు.

అలాగని ఏ జంతువుదో అనవసరమని కాదు. గొడ్డుమాంసం ముట్టనివారున్నారు, పంది ముట్టనివారున్నారు, చేప పడక ఒళ్లంతా దద్దుర్లెక్కేవారున్నారు. డబ్బా మీది గోధుమరంగు త్రికోణం మాంసాహారమని చెబుతుంది తప్ప ఏ జంతువో చెప్పదు. దినుసులు మొక్కల నుంచి వచ్చాయో జంతువుల నుంచి వచ్చాయో వెల్లడించాలని 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. మరో అడుగు వేసి జంతువు పేరు, మోతాదుకు ఎన్ని గ్రాములో ముందువైపునే తెలుగులో రాయించాలి. చోటు చాలదంటే ఒప్పుకోను. యవ్వనం, కాంతి అని రాసుకోవడానికి చోటు దొరుకుతోంది కదా.

ఇంకో బాధ కూడా ఉంది. చేపల ఉత్పత్తిలో దేశంలో మొదటిస్థానం మన రాష్ట్రానిదే. చేప వ్యర్థాల నుంచి కొల్లాజెన్ పెప్టైడ్ తీసే పద్ధతిని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించింది. ఆ సంస్థ పరిశోధన కేంద్రం విశాఖలోనూ ఉంది. అయినా చేపల బజారులో గీకిన పొలుసులు చెత్తకుప్పకే పోతున్నాయి. వాటిని విడిగా సేకరించి, చేపలు కోసి పొట్టపోసుకునే ఆడవాళ్లకు కిలోకింతని చెల్లించే ఏర్పాటు చేస్తే, ఈ కొల్లాజెన్ మోజు వల్ల ఊళ్లో కొందరికైనా నిక్కమైన మేలు జరుగుతుంది.