రైతు కుటుంబమునకు చిన్నకారు: వెల యొక్కటే చూడరాదు

పంట అమ్ముడుపోయి చేతిలో నాలుగు రూపాయలు నిలిచిన దినములలో మేము గ్రామములకు వెళ్ళినపుడు, విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు ప్రశ్నలు ముగిసిన పిమ్మట, రైతులు కొంచెము గొంతు తగ్గించి మరియొక ప్రశ్న వేయుచున్నారు. "అయ్యా, చిన్నకారు ఒకటి కొందామనుకొంటున్నాము. ఏది చౌక?" ఇది వ్యవసాయ సంబంధమైన ప్రశ్న కాదని త్రోసివేయుట మాకు తగదు. ఏలయనగా ఆ కారు వెల పొలమునుండియే రావలెను. వాయిదా తప్పినచో దెబ్బ పొలమునకే తగులును. కావున ఈ నెల మా అభిప్రాయమును సోదరుల ఎదుట పెట్టుచున్నాము.

"రైతునకు కారెందుకు?" అని పట్టణములలో కొందరు నవ్వుదురు. ఆ నవ్వులో మేము పాలుపంచుకొనము. భార్యయు, ఇద్దరు బిడ్డలును, ఒక సంచియు ఒక్క మోటారుసైకిలుపై ఎక్కి, వానలో లారీల ప్రక్కగా పోవుటను మేము నిత్యము చూచుచున్నాము. నొప్పులు పడుచున్న కోడలిని ఆసుపత్రికి చేర్చుటకు అర్ధరాత్రివేళ ఊరంతయు తిరిగి బండి వెదకిన అత్తగారిని ఎరుగుదుము. రైతు కారు కోరుట దర్పము కాదు. అవసరమునకు చాలినదానిని విడిచి, వియ్యంకుని వాకిట నిలుపుటకు పెద్దదానిని కొనినపుడే దర్పము మొదలగును.

అట్లని మిక్కిలి చౌకయైనదే మంచిదనియు తలపరాదు. మన దేశమున మధ్యతరగతి ఇండ్ల వాకిళ్ళకు కారు వచ్చుట 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800తో ఊపందుకొన్నది. 796 సి.సి. ఇంజను గల ఆ చిన్న బండి 2014 జనవరి వరకు తయారయ్యెను. నడుమ 2009లో టాటావారు లక్ష రూపాయల కారని పేరుపొందిన నానోను అమ్మకమునకు పెట్టిరి. అంతకంటె చౌకయైన క్రొత్త కారు మన దేశమున అప్పుడు లేదు. అయినను 2018తో దాని తయారీ ఆగిపోయెను. మొదటి నానోలో వెనుక తలుపు తెరచుకొనెడిది కాదు. తెరచుకొను తలుపు 2015లో గాని రాలేదు. అన్నిటికంటె చౌకకారు అను పేరే దానికి చెరుపు చేసినదని రతన్ టాటాగారే పిమ్మట ఒప్పుకొనిరి. వెల తగ్గించినంతమాత్రమున వస్తువు ఇంటికి పనికివచ్చునని చెప్పజాలము.

సంతలో ఎద్దును కొనునపుడు మన రైతు వెల అడుగుటకు ముందు పండ్లు చూచును, సుడులు చూచును, నడిపించి చూచును, కాడి కట్టించి చూచును. లక్షలు పోసి కారు కొనునపుడు మాత్రము రంగును చూచి బయానా ఇచ్చుచున్నాడు! ఎద్దు విషయమున చూపిన వివేకమును కారు విషయమునను చూపుమని మా మనవి.

ఉదాహరణమునకు మారుతి ఆల్టో కె10ను తీసికొందము. ఇది మూడు సిలిండర్ల 998 సి.సి. ఇంజను గలది. పొడవు 3.53 మీటర్లు, పాత బండిసాలలోనే పట్టును, ఇరుకు సందులోనే మలుపు తిరుగును. 1200 సి.సి.కి మించక, నాలుగు మీటర్లకు లోబడిన పెట్రోలు కార్లపై సెస్సుతో కలిపి నూటికి 29గా ఉండిన పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 18కి తగ్గినది. అప్పుడు దీని కనిష్ఠపు షోరూము ధర 3,69,900 రూపాయలైనది. జీవితపన్ను, రిజిస్ట్రేషను, భీమా కలిపి బండి రోడ్డెక్కుసరికి సుమారు 4,40,000 అగునని లెక్క వేసికొనవలెను. పత్రికలలో పెద్ద అక్షరములతో వేయునది మొదటి సంఖ్యయే. మీరు చెల్లించునది రెండవ సంఖ్య.

పెట్రోలు లీటరునకు 24.39 కిలోమీటర్లని తయారుచేసినవారి ప్రకటన. విత్తనపు సంచిపై వ్రాసిన దిగుబడి వంటిదే ఇదియు. అది అబద్ధము కాదు. కాని ఆ దిగుబడి వచ్చిన మడి వేరు, మన మడి వేరు. నలుగురు కూర్చుండి, ఏ.సి. వేసికొని, గుంతల రోడ్డుపై పోయినచో లీటరునకు 20 అని లెక్కించుకొనుట వివేకము.

"వెనుక ఎన్ని యూరియా బస్తాలు పట్టును?" అని అడుగువారు కలరు. వెనుక సామాను చోటు 214 లీటర్లు. ఊరికి పోవు కుటుంబపు పెట్టెలకు అది చాలును. అంతకుమించి ఆశింపరాదు. 45 కిలోల బస్తాలను నింపి వెనుక భాగమును క్రుంగదీయుటకు అది ఎడ్లబండి కాదు. పురుగుమందులను మాత్రము ఎన్నడును అందు వేయకుడు. తలుపులు మూసిన కారులో మూత వదులైన సీసా ఒక్కటి చాలును. ఆ విషపు ఆవిరిని పీల్చువారు మీ బిడ్డలే.

ఇక ప్రాణరక్షణ. కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగముతో అడ్డునకు కొట్టించి నక్షత్రములిచ్చు గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ కలదు. 2014లో ఆ పరీక్షయందు ఆల్టో 800నకు గాని నానోకు గాని ఒక్క నక్షత్రమును రాలేదు. 2023లో రెండు గాలిసంచులు గల ఆల్టో కె10నకు పెద్దల రక్షణలో రెండు నక్షత్రములు, పిల్లల రక్షణలో సున్న వచ్చెను. 2020లో టాటా టియాగోకు పెద్దల రక్షణలో నాలుగు, పిల్లల రక్షణలో మూడు వచ్చెను. 2022 జూలై నుండి ఆ పరీక్ష కఠినమైనది గనుక ఈ రెండు కార్ల ఫలితములను ఒకే తక్కెడలో తూచుట న్యాయము కాదు. 2025 మార్చి నుండి ఆల్టో కె10లోని అన్ని రకములందును ఆరు గాలిసంచులు ఇచ్చుచున్నారు. ఇది మెచ్చదగిన మార్పు. అయినను గాలిసంచి బండి చట్రమును గట్టిపరచదు. పన్ను తగ్గిన పిమ్మట టియాగో కనిష్ఠపు ధర నాలుగున్నర లక్షలకు పైన నిలిచినది. అనగా వ్యత్యాసము లక్ష రూపాయలకు లోపే. మీ బిడ్డలు తరచుగా జాతీయ రహదారిపై ప్రయాణము చేయువారైనచో ఆ వ్యత్యాసమును వెచ్చించుట తగునని మా అభిప్రాయము. మండల కేంద్రమువరకు పోయి వచ్చువారికి ఆల్టో వంటిది చాలును. ఏ కారైనను, 2023 అక్టోబరు నుండి మన దేశమునందే జరుగుచున్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో దానికెన్ని నక్షత్రములు వచ్చెనో అడిగి తెలిసికొనుడు. వెనుక కూర్చున్నవారును పట్టీ కట్టుకొనవలెను. కట్టుకొనని పట్టీ బావిలో దిగవిడువని చేద వంటిది.

ఇప్పుడు లెక్క చూతము. రోడ్డెక్కువరకు 4,40,000 అయినదనుకొందము. అందు 1,40,000 చేతినుండి ఇచ్చి, 3,00,000 అప్పు నూటికి సాలుకు 9 వడ్డీతో అయిదేండ్లకు తీసికొన్నచో నెలవాయిదా సుమారు 6,228 రూపాయలు. అయిదేండ్లలో చెల్లించునది 3,73,650. భీమా, సర్వీసు, టైర్లకు సాలుకు 20,000 చొప్పున లక్ష. చేతి సొమ్ముతో కలిపి మొత్తము 6,13,650. భీమావారి తరుగుదల పట్టిక ప్రకారము అయిదేండ్లకు బండి విలువ సగమగును. ఆ లెక్కను మిగులు విలువ సుమారు 1,85,000. దానిని తీసివేయగా నికర వ్యయము 4,28,650. అనగా పెట్రోలు గాక సాలుకు సుమారు 85,700 రూపాయలు.

ఈ సంఖ్యను మీరు కారెక్కు దినములతో భాగింపుడు. సాలుకు నూరు దినములు ఎక్కినచో దినమునకు 857. ముప్పది దినములే ఎక్కినచో దినమునకు సుమారు 2,857, పెట్రోలు వేరు. మీ ఊరి అద్దెకారు వాని దినవెచ్చమును అడిగి ఈ సంఖ్యలతో పోల్చి చూడుడు. పెండ్లిండ్లకును తిరునాళ్ళకును మాత్రమే కారు కావలసినవానికి అద్దెకారే చౌక. దినము విడిచి దినము బిడ్డను కళాశాలకో, తల్లిని వైద్యమునకో కొనిపోవువానికి సొంతకారు దండుగ కాదు. పెట్రోలునకు సాలుకు 6,000 కిలోమీటర్లు, లీటరు 110 రూపాయలు అనుకొన్నచో మరియొక 33,000 చేర్చుకొనవలెను.

వాయిదాకాలమును ఏడేండ్లకు పొడిగించినచో నెలకు 4,827 రూపాయలే పడునని అమ్మువారు ఆశ చూపుదురు. నిజమే, కాని వడ్డీ 73,650 నుండి 1,05,000కు పైబడును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఉద్యోగికి జీతము నెలనెల వచ్చును, రైతునకు సొమ్ము పంటపంటకు వచ్చును. వాయిదా మాత్రము ఇద్దరికిని నెలనెలయే. ఇక్కడనే పెక్కు కుటుంబములు కాలుజారుచున్నవి. కావున పంటలనుబట్టి ఆరునెలల వాయిదాలు పెట్టుదురా అని ముందే అడుగుడు. పెట్టని యెడల ఆరునెలల వాయిదాల సొమ్మును విడిగా నిలువ ఉంచుకొని గాని సంతకము చేయకుడు.

పంటఋణమును కారునకు మళ్ళించుట అన్నిటికంటె పెద్ద తప్పు. మూడు లక్షల వరకు పంటఋణముపై వడ్డీ నూటికి 7. గడువులో తీర్చినవానికి 3 తగ్గి 4 మాత్రమే పడును. ఇంత తక్కువ వడ్డీకి దొరకు సొమ్ము మరియొకటి లేదు గనుకనే దానితో కారు కొనవలెనను బుద్ధి పుట్టుచున్నది. కాని ఎరువు వేయవలసిన అదనునకు చేతిలో సొమ్ముండదు. అప్పుడు ఎరువుల కొట్టువానియొద్ద అరువు, ఆ అరువునకు పంటను అతడు చెప్పిన ధరకే అప్పగించుట. గడువు తప్పినచో ఆ మూడు రూపాయల తగ్గింపును పోవును. ఇట్లు కారు వాకిటికి వచ్చి, పంట బేరము చేతినుండి జారిపోయిన ఇండ్లను మేము చూచితిమి.

పాతకారు కొనువారికి కొన్ని మాటలు. మేమును ఒకసారి మోసపోతిమి. తళతళలాడు రంగును, తక్కువ తిరిగినట్లు చూపు మీటరును నమ్మి పాతబండిని కొంటిమి. తొలకరి వానకే కాళ్ళక్రింద నీరు చేరెను. చాప ఎత్తి చూడగా నేల రేకు తుప్పుపట్టి చిల్లులు పడియుండెను. ఆ చాపను కొనకముందే ఎత్తియుండిన యెడల మా సొమ్ము దక్కియుండును. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు వరదలో విజయవాడయందు పెక్కు వాహనములు నీటమునిగెను. వరదనీటిలో నానిన బండి ఎక్కడ ఎవరి చేతికి వచ్చునో చెప్పలేము. కావున చాపలు ఎత్తి చూడుడు. సీటు మరలకు తుప్పు, పట్టీల మడతలలో ఒండ్రు, లోపల ముక్కవాసన ఉన్నవేమో పరీక్షింపుడు. రిజిస్ట్రేషను పత్రముపై బ్యాంకు తాకట్టు కొట్టివేయబడెనా చూడుడు. బండి మీ పేరిట మారిన పదునాలుగు దినములలోగా భీమాను మీ పేరిట మార్చుమని భీమావారికి దరఖాస్తు పెట్టవలెను. సొంతబండి రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును గనుక పండ్రెండేండ్ల బండిని కొనువాడు మూడేండ్లకే మరల కార్యాలయము గడప ఎక్కవలసియుండును. 2023 ఏప్రిల్ పిమ్మటి బండ్లలో ఇరవైపాళ్ళ ఇథనాల్ పెట్రోలునకు ఓర్చు భాగములను అమర్చుచున్నారు. మన మొక్కజొన్నయు ఆ ఇథనాల్‌లో కలియుచున్నది. అంతకుముందరి బండియైనచో రబ్బరు గొట్టములను మెకానిక్కునకు చూపింపుడు.

క్రొత్తదైనను పాతదైనను, కొనుటకు ముందు ఇంటిల్లిపాదిని ఎక్కించి మీ ఊరి రోడ్డుపైనే నడిపి చూడుడు. కాలువగట్టు ఎక్కునా, గుంతలలో అడుగు రాచుకొనునా, వెనుక కూర్చున్న ముసలమ్మ మోకాళ్ళకు చోటు చాలునా, మరమ్మతుశాల ఎంత దూరమున నున్నది, ఈ నాలుగును కన్నులారా చూచిన పిమ్మటనే బయానా.

సంఘ సభ్యులకు కడపటి మనవి. కారు కొనదలచినవారు తమ లెక్కను ఒక కాగితముపై వ్రాసి, ఇదివరకే కారు కొనిన ఇద్దరు ముగ్గురు తోటి సభ్యులకు చూపుడు. వారు సాలుకు ఎన్ని దినములు ఎక్కిరి, ఎంత వెచ్చించిరి అని అడుగుడు. అమ్మువాడు చెప్పని మాటను ప్రక్కపొలము రైతు చెప్పును. ఆ లెక్కలో పంటఋణము చేరక, పిల్లల చదువు తగ్గక, బండి నిలిచినచో నిస్సంశయముగా కొనుడు. మీ కుటుంబము వానకు తడియకుండ, లారీలకు దడియకుండ ఇల్లు చేరుట మాకును సంతోషమే. నిలువని యెడల మరి రెండు పంటలు ఆగుడు. అంగడిలో కారు ఎప్పుడును దొరకును. తాకట్టు పడిన పొలము విడుదలగుటకు మాత్రము ఒక తరము పట్టును.