ఆటకథల వ్రాతలకు భద్రమైన చోటు

1974లో అమెరికాయందు గైగాక్స్, ఆర్నెసన్ అనువారు రచించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మొదలుకొని, బల్లచుట్టు గూర్చుండి పాత్రలు వహించి కథ నల్లుకొను నాటలు వ్యాపించినవి. అట్టి కథ యొక్కొక్కటి యేండ్లతరబడి సాగును. జరిగిన సంగతులు వ్రాసియుంచనిచో దారము తెగును. ఇందులకు సాఫ్ట్‌వేర్ నెన్నుకొనువారు, సొగసుకంటె ముందు, వ్రాసినది తమ చేతికి తిరిగి వచ్చునా యని విచారింపవలెను. 2019 ఏప్రిలులో గూగుల్ ప్లస్ మూతపడగా, ముందుగా దింపుకొనని యాటగాండ్ర వ్రాతలు వారికి దక్కలేదు. వరల్డ్ యాన్విల్ వ్రాతలను తన సర్వరులయం దుంచును; ఆబ్సిడియన్ మన కంప్యూటరునందే సాదా అక్షరముల ఫైళ్లుగా నుంచును. అట్టి ఫైలును మఱియొక సాధనమైనను తెఱవగలదు గాన, రెండవదియే మేలని నా యభిప్రాయము. అయినను కంప్యూటరు చెడవచ్చును. సోదర విద్యార్థులారా, వేఱొకచోట నొక ప్రతి యుంచుడు. కథ యొక్కరిది కాదు, కూడి యాడినవారందఱిది.